రెండో కోరస్‌కు ముందు ఒక్క సెకను: శబ్దాలు పడని పిల్లాడి కోసం ఒక రాక్ పాటను కొలిచిన కేసు

"ఈ పాట మావాడికి మరీ హెవీ అవుతుందా?" అని తల్లిదండ్రులు అడిగితే, మనలో చాలామంది పాట ఎంత గట్టిగా ఉందో చూసి జవాబు చెప్పేస్తాం. డిస్టార్షన్ గిటార్ ఉంటే హెవీ, పియానోతో మెల్లగా మొదలైతే సాఫ్ట్ అనుకుంటాం. ఈ కేసులో ఆ లెక్క పూర్తిగా తప్పింది. ఆక్యుపేషనల్ థెరపిస్టులు, మ్యూజిక్ థెరపిస్టులు, స్కూళ్లలో సంగీతం నేర్పే టీచర్లు ఇలాంటి పిల్లల కోసం పాటను ఎలా చదవాలో ఇందులో వివరంగా రాస్తున్నాను. పిల్లాడిని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. పాట పేరు కూడా రాయడం లేదు. వార్షికోత్సవంలో ఏ పాట వాయించారో తెలిస్తే పిల్లాడు ఎవరో తెలిసిపోతుంది.

నేపథ్యం

అబ్బాయికి 13 ఏళ్లు. ఆటిజం ఉందని చిన్నప్పుడే తేలింది. బాగా మాట్లాడతాడు. కీబోర్డు వాయిస్తాడు, విన్న ట్యూన్‌ను చాలా త్వరగా పట్టేస్తాడు. తోటి పిల్లలు నలుగురు కలిసి బ్యాండ్ పెట్టుకుని ఇతన్ని కీబోర్డుకు రమ్మన్నారు. వాళ్లతో కలిసి వాయించాలన్న కోరిక ఇతనిదే, ఎవరూ బలవంతం చేయలేదు. చికిత్స లక్ష్యం పిల్లాడిదైతే పని చేసే పద్ధతే మారిపోతుంది కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

మొదటి ఇంటర్వ్యూలో వాళ్లమ్మ చెప్పిన మూడు సంగతులు తర్వాత మాకు చాలా పనికొచ్చాయి. కుక్కర్ విజిల్ వస్తే చెవులు మూసుకుని బాల్కనీలోకి పరిగెడతాడు. మిక్సీ తను వేస్తే ఏమీ కాదు, వంటింట్లోంచి అమ్మ వేస్తే మాత్రం అరుస్తాడు. పెళ్లి ఊరేగింపులో డీజే బండి పక్కన నిలబడగలడు, కానీ దీపావళికి పక్కింట్లో ఒక్క లక్ష్మీబాంబు పేలితే ఆ రోజు ఇక ఏ పనీ చేయలేడు. డీజే బండి దగ్గర ధ్వని చాలాసార్లు 100 డెసిబెల్స్ దాటుతుంది, కుక్కర్ విజిల్ అంతకన్నా చాలా తక్కువ. ఇతన్ని ఇబ్బంది పెడుతున్నది గట్టిదనం కాదని అప్పుడే సూచన దొరికింది. ఇంకో మాట కూడా చెప్పాలి. పిల్లాడు తట్టుకున్నాడంటే చెవికి హాని లేదని కాదు. డీజే బండికి దూరంగా ఉంచమని అదే రోజు కుటుంబానికి చెప్పాం.

పాట సంగతి ముట్టుకోకముందే ఆడియాలజిస్టు దగ్గరికి పంపాం. వినికిడి లోపం ఉన్న కొందరికి మెల్లని శబ్దం వినపడదు, కాస్త పెంచితే ఒక్కసారిగా భరించలేనంత అవుతుంది. దీన్ని రిక్రూట్‌మెంట్ అంటారు. బయటినుంచి చూస్తే అచ్చం సెన్సరీ సెన్సిటివిటీలాగే (ఇంద్రియాల అతి సున్నితత్వం) కనిపిస్తుంది, దారి మాత్రం పూర్తిగా వేరు. ఇతనికి రెండు చెవుల్లోనూ వినికిడి మామూలుగానే ఉంది. అసౌకర్యం మొదలయ్యే స్థాయిని కూడా చూశారు. అది మామూలుగా 100 డెసిబెల్స్ హెచ్‌ఎల్ (వినికిడి పరీక్షల్లో వాడే కొలమానం) దగ్గర ఉంటుంది. ఇతనికి 500 హెర్ట్జ్ దగ్గర 95, 4000 హెర్ట్జ్ దగ్గర 75 వచ్చింది. అంటే పై ఫ్రీక్వెన్సీల్లో ఓర్పు తక్కువ. ఈ పరీక్షే పిల్లల్ని భయపెట్టగలదు కాబట్టి చిన్న చిన్న అంచెల్లో పెంచుతూ, ఆపే బటన్ పిల్లాడి చేతికే ఇచ్చి చేయించారు. సెన్సరీ ప్రొఫైల్ అనే ప్రశ్నావళిలో సున్నితత్వం, తప్పించుకోవడం రెండూ ఎక్కువగా వచ్చాయి. వెతుక్కోవడం కూడా ఎక్కువే వచ్చింది. అది చూసి ఫారం తప్పు నింపారేమో అనుకోనక్కర్లేదు. ఒకే పిల్లాడు కొన్ని శబ్దాల నుంచి పారిపోతూ, వేరే శబ్దాలను వెతుక్కుంటూ వెళ్లడం మామూలే.

వచ్చిన సమస్య

బ్యాండ్ ఎంచుకున్నది 1990ల ఆల్టర్నేటివ్ రాక్ పద్ధతిలో కట్టిన పాట. వెర్స్‌లో, అంటే చరణం లాంటి భాగంలో, ఒక గిటార్, బాస్, మెల్లని గొంతు ఉంటాయి. కోరస్‌లో, అంటే పల్లవిలా తిరిగొచ్చే భాగంలో, రెండు డిస్టార్షన్ గిటార్లు, పూర్తి డ్రమ్స్, అరుపుతో కూడిన గానం వస్తాయి. ప్రాక్టీసులో మొదటి కోరస్ దాకా బాగానే వాయించేవాడు. రెండో కోరస్ దగ్గర చేతులు కీబోర్డు మీంచి తీసి చెవులు మూసుకుని గదిలోంచి బయటికి వెళ్లిపోయేవాడు. ఇంటికెళ్లాక అన్నం తినేవాడు కాదు. ఫ్యాన్ చప్పుడు కూడా భరించలేక ఆపేయమనేవాడు. నిద్ర ఆలస్యమయ్యేది.

"రాక్ వాడికి పడదు, మానిపిద్దాం" అన్నది కుటుంబం నిర్ణయం. అయితే ఇంట్లో ఇదే పిల్లాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక మెటల్ పాటను పదే పదే వింటాడు. ఆ పాట మొదటి సెకను నుంచి చివరిదాకా డబుల్ బాస్ డ్రమ్, గరగరలాడే గిటార్లతో నిండి ఉంటుంది. అది విన్నాక హోంవర్కుకు కూర్చుంటాడు, ప్రశాంతంగా ఉంటాడు. ఈ రెండు పాటల మధ్య తేడా ఏమిటో తేలితే కేసు తేలినట్టే.

రెండు పాటల కొలత

ముందు చెవితో విన్నాం, తర్వాత మీటర్ పెట్టాం. ఈ వరస మార్చొద్దు, ఎందుకంటే అంకె ముందే చూస్తే చెవి దానికి సర్దుకుపోతుంది. కాగితం మీద ఐదు సెకన్లకో అడ్డవరస గీసి ఆరు నిలువు గళ్లు పెట్టాం: గట్టిదనం, ఎగురు, గరుకు, కిక్కిరింపు (ఒకేసారి ఎన్ని శబ్దాలు మోగుతున్నాయన్నది), బాస్ అదురు, ముందే ఊహించగలగడం. ప్రతిదానికీ 0 నుంచి 4 వరకు మార్కు. చివరి గడి తిరగేసి ఉంటుంది, అంటే ఏ మాత్రం ఊహించలేకపోతే 4. ఒక్కసారి వింటూ ఆరూ నింపడం కుదరదు. ఒక విడతకు రెండు గళ్లే చూసుకుంటూ పాటను మళ్లీ మళ్లీ వినాలి.

ఎగురు అంటే ఒక అర సెకనులో ధ్వని ఎంత పెరిగిందన్నది. 3 ఎల్‌యూ (లౌడ్‌నెస్ యూనిట్, ఒకటి అంటే ఒక డెసిబెల్ తేడా) లోపు అయితే 0, 3 నుంచి 6 అయితే 1, 6 నుంచి 10 అయితే 2, 10 నుంచి 15 అయితే 3, అంతకు మించితే 4. ఇవి పని సౌలభ్యం కోసం పెట్టుకున్న గీతలు, ప్రామాణిక స్కేలు కాదు. రిపోర్టులో రాసేటప్పుడు ఆ మాట స్పష్టంగా రాయాలి.

తర్వాత ఫైలు కొలత. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాట తెరిచి వేవ్‌ఫార్మ్ (ధ్వని ఎత్తుపల్లాల బొమ్మ), స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూపే బొమ్మ) రెండూ పక్కపక్కన పెట్టుకున్నాం. లౌడ్‌నెస్ కోసం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని ఈబీయూ ఆర్ 128 (లౌడ్‌నెస్ కొలిచే యూరోపియన్ ప్రసార ప్రమాణం) ఫిల్టర్ సరిపోతుంది, డబ్బు పెట్టి ఏదీ కొనక్కర్లేదు. అది సెకనుకు పది రీడింగులు ఇస్తుంది. అందులో మొమెంటరీ అన్నది 400 మిల్లీసెకన్ల సగటు, షార్ట్ టర్మ్ అన్నది 3 సెకన్ల సగటు, ఇంటిగ్రేటెడ్ అన్నది పాట మొత్తానికి ఒకే అంకె. మన పనికి మొమెంటరీయే ముఖ్యం. మూడు సెకన్ల సగటులో ఎగురు కరిగిపోతుంది, మొత్తం పాట సగటులో అసలు కనిపించనే కనిపించదు.

మెటల్ పాట ఇంటిగ్రేటెడ్ మైనస్ 8.2 ఎల్‌యూఎఫ్‌ఎస్ (లౌడ్‌నెస్ కొలమానం, అంకె సున్నాకు ఎంత దగ్గరైతే అంత గట్టి). అత్యధిక మొమెంటరీ మైనస్ 6.9. బ్యాండ్ పాట ఇంటిగ్రేటెడ్ మైనస్ 10.4, వెర్స్ మైనస్ 19 దగ్గర, కోరస్ మైనస్ 8 దగ్గర. ఫైళ్ల ప్రకారం మెటల్ పాటే గట్టిది. కానీ పిల్లాడు వినేది స్ట్రీమింగ్ యాప్‌లో, అది పాటలన్నిటినీ మైనస్ 14 సగటుకు సర్దుతుంది. అప్పుడు మెటల్ పాట 5.8 డెసిబెల్స్ తగ్గి, దాని శిఖరం మైనస్ 12.7కు దిగుతుంది. బ్యాండ్ పాట 3.6 మాత్రమే తగ్గుతుంది కాబట్టి కోరస్ మైనస్ 11.6 దగ్గర నిలుస్తుంది. అంటే వాల్యూమ్ బటన్ ఒకేచోట ఉన్నా "సాఫ్ట్ పాట" కోరస్ "హెవీ పాట" శిఖరాన్ని దాటిపోతుంది. వెర్స్ వినిపించడం లేదని పిల్లాడు వాల్యూమ్ పెంచాడంటే ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

ఇది పెద్ద సంగతే, కానీ రెండో కోరస్ దగ్గరే ఎందుకు అన్న ప్రశ్నకు ఇందులో జవాబు లేదు. జవాబు కోసం ఆ రెండు చోట్లనూ వేవ్‌ఫార్మ్‌లో బాగా పెద్దది చేసి చూశాం.

మొదటి కోరస్ ముందు డ్రమ్మర్ నాలుగు బీట్ల ఫిల్ (తర్వాతి భాగానికి దారితీసే డ్రమ్స్ ముక్క) వాయిస్తాడు. వెర్స్ మైనస్ 19, ఫిల్ మైనస్ 13, కోరస్ మైనస్ 8. పాట వేగం నిమిషానికి 116 బీట్లు, కాబట్టి ఈ పెరుగుదలకు రెండు సెకన్ల పైన పడుతుంది. చెవి మెట్టు మెట్టుగా పైకి వెళుతుంది. రెండో కోరస్ ముందు ఫిల్ లేదు. అందరూ ఆగిపోతారు. రెండు బీట్లు, అంటే సుమారు ఒక సెకను, గిటార్ ఆంప్లిఫయర్ బుస తప్ప ఏమీ ఉండదు. మీటరు మైనస్ 38కి పడిపోతుంది. ఆ వెంటనే క్రాష్ సింబల్, కిక్ డ్రమ్, రెండు గిటార్లు, బాస్, అరుపు అన్నీ ఒకే క్షణంలో పడతాయి. తర్వాతి అర సెకనులో మీటరు మైనస్ 7.5 చూపించింది. 30 ఎల్‌యూల ఎగురు అది. మధ్య చెవిలోని స్టెపీడియస్ కండరం గట్టి శబ్దానికి ముడుచుకుని కొంత కాపాడుతుంది, కానీ అది స్పందించడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. ఈ దెబ్బ తాలూకు మొదటి అంచు అంతకుముందే లోపలికి చేరిపోతుంది. ఉలికిపాటు ప్రతిచర్యను లేపేది కూడా శబ్దం ఎంత నిట్టనిలువుగా లేచిందన్నదే. ఉత్త గట్టిదనంతో అది అంతగా రాదు.

గరుకుతనం కొలవడానికి సులువైన మీటరు లేదు. ధ్వని తీవ్రత సెకనుకు 30 నుంచి 150 సార్లు ఊగుతుంటే చెవికి గరుకుగా తగులుతుంది, 70 దగ్గర అది బాగా ఎక్కువ. మనిషి కేకలో ఉండే భయపెట్టే గుణం ఈ పరిధిలోదే. గిటార్‌లో పవర్ కార్డ్ పట్టి 82, 123 హెర్ట్జ్ స్వరాలు కలిపి డిస్టార్షన్‌లోంచి పంపితే వాటి తేడా 41 హెర్ట్జ్ కూడా పుడుతుంది. అలా పుట్టిన ఊగు పైన హార్మోనిక్స్ అన్నిటిలోనూ వినిపిస్తుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో చిన్న విండో సైజు పెట్టి చూస్తే సన్నని నిలువు చారలు కనిపిస్తాయి. రెండు పాటల్లోనూ గరుకు 3, 4 మధ్యే ఉంది. మెటల్ పాటలో అది మొదటి నుంచి చివరిదాకా ఉంది, ఇక్కడ కోరస్‌లో మాత్రమే ఊడిపడుతుంది.

ఆరు గళ్లనూ కలిపి ఒక మొత్తం వేయాలని అందరికీ అనిపిస్తుంది. దయచేసి వేయకండి. మొత్తం వేస్తే మెటల్ పాటకే చాలా ఎక్కువ మార్కులు వచ్చేవి, ఆ అంకె చూసి ఆ పాటను మానిపించి ఈ పాటకు సరేననేవాళ్లం. మెటల్ పాటలో ఎగురు గడి ఆసాంతం 0 లేదా 1. ఊహించగలగడం కూడా అంతే. బ్యాండ్ పాటలో ఆ రెండు గళ్లూ ఒకే వరసలో 4కు చేరాయి, అదీ సరిగ్గా పిల్లాడు లేచిపోయే చోట.

పిల్లాడు గీసిన గీత

కొలత పూర్తయ్యాక గ్రాఫ్ పేపరు పిల్లాడి చేతికిచ్చాం. పాట వింటూ "ఎంత ఎక్కువగా అనిపిస్తోంది" అన్నది కింద నుంచి పైకి గీత గీయాలి. హెడ్‌ఫోన్స్ వాడలేదు. స్పీకర్‌లో కోరస్ కూడా 72 డెసిబెల్స్ దాటకుండా మీటరుతో ముందే సర్దాం. పాజ్ బటన్ అతని చేతిలో పెట్టాం. వేవ్‌ఫార్మ్ బొమ్మ ముందే చూపించి, నిశ్శబ్దం తర్వాత వచ్చే దెబ్బను వేలితో చూపించాం. ఆ ముక్క తను వినిపించమని అడిగితే తప్ప వినిపించలేదు.

అతని గీత మా వక్రరేఖతో కలవలేదు. రెండో కోరస్‌కు దాదాపు పది సెకన్ల ముందు, వెర్స్ ఇంకా మెల్లగా సాగుతుండగానే పైకి లేవడం మొదలైంది. దెబ్బ దగ్గర పేపరు పై అంచును తాకింది. కోరస్ రెండో బార్‌కే (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది) దిగిపోవడం మొదలైంది. ఆ తర్వాత వచ్చే బ్రిడ్జ్ (వెర్స్, కోరస్ కాని మరో భాగం) పాట మొత్తంలో అతి గట్టిది, మైనస్ 6.8. అక్కడ అతని గీత మొదటి వెర్స్ కన్నా కొంచెమే పైన ఉంది.

బాధలో సగం ఎదురుచూపుదేనని ఆ గీత చెప్పింది. వస్తుందని తెలుసు, సరిగ్గా ఎప్పుడో తెలియదు. మిక్సీ తను వేస్తే ఏమీ కాకపోవడం, అమ్మ వేస్తే అరవడం కూడా ఇదే కోవలోది. శబ్దం మీద పట్టు, సమయం మీద అంచనా రెండూ ఉంటే ఇతను చాలా తట్టుకోగలడు.

పని చేయనివి

వాల్యూమ్ తగ్గించడం అందరికీ ముందు తట్టే ఉపాయం. రికార్డింగును 8 డెసిబెల్స్ తగ్గించి వినిపించాం. వెర్స్ ఫ్యాన్ చప్పుడులో మునిగిపోయింది, పిల్లాడు వినడానికి ముందుకు వంగి కూర్చున్నాడు. అంత చెవి రిక్కించి వింటున్న సమయంలో కోరస్ పడింది. వాల్యూమ్ ఎంత తగ్గించినా వెర్స్‌కూ కోరస్‌కూ మధ్య తేడా డెసిబెల్స్‌లో అలాగే ఉంటుంది. ఎగురు తగ్గలేదు, విఫలమైంది.

ఇయర్ మఫ్స్ స్కూలు వాళ్లు ముందే ఇచ్చారు. మామూలు మఫ్స్ పై ఫ్రీక్వెన్సీలను బాగా ఆపుతాయి, బాస్‌ను అంతగా ఆపవు. పిల్లాడికి తన కీబోర్డు వినిపించక, కిక్ డ్రమ్ అదురు మాత్రం ఛాతీకి తగిలేది. తప్పులు వాయించి విసుగుతో తీసేసేవాడు, తీసిన క్షణంలో గదిలోని చప్పుడంతా ఒక్కసారిగా మీద పడేది. ఇంకో కారణం కూడా ఉంది. రోజంతా చెవులు మూసుకుని ఉంటే మెదడు లోపల గెయిన్, అంటే శబ్దాన్ని పెంచి వినే స్థాయి, పెంచుకుంటుంది. రెండు వారాలు ఇయర్‌ప్లగ్స్ పెట్టుకున్నవాళ్లకు ఆ తర్వాత శబ్దాలు ఇంకా గట్టిగా అనిపించినట్టు 2003లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. అందుకే మఫ్స్‌ను నిషేధించలేదు కానీ బాణసంచా, డీజే లాంటి చోట్లకే పరిమితం చేశాం.

"వినగా వినగా అలవాటవుతుంది" అని స్కూల్లో ఒకరు కోరస్ ముక్కను మాత్రం కత్తిరించి వరసగా వినిపించారు. ముందున్న వెర్స్ లేకుండా ముక్క వింటే ప్రతిసారీ నిశ్శబ్దంలోంచి దెబ్బే. ఆపే అధికారం పిల్లాడికి లేదు. దాంతో మొదటి కోరస్ దగ్గర కూడా భయం మొదలైంది. క్రమంగా అలవాటు చేయడం మంచి పద్ధతే. మెట్లు చిన్నవిగా ఉండి, ఆపే హక్కు పిల్లాడికి ఉంటేనే దాన్ని అలా పిలవాలి.

ఈక్వలైజర్‌తో 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య 5 డెసిబెల్స్ తగ్గించి చూశాం. మన చెవి అత్యంత సున్నితంగా ఉండే పరిధి అది, ఇతని అసౌకర్యం కూడా అక్కడే ఎక్కువ. సింబల్ పదును తగ్గిందని ఒప్పుకున్నాడు. దెబ్బ మాత్రం దెబ్బలాగే ఉందన్నాడు. సగం ఫలితం, అట్టే పెట్టుకున్నాం.

గట్టి, మెల్లని చోట్ల మధ్య తేడాను తగ్గించే కంప్రెసర్ కాస్త చిక్కు పెట్టింది. 4:1 నిష్పత్తితో గట్టిగా కంప్రెస్ చేస్తే ఎగురు బాగా తగ్గింది, మొదటి వినికిడికి బాగుందన్నాడు. పాట చివరికి వచ్చేసరికి తల పట్టుకున్నాడు. మెల్లని చోట్లన్నీ పైకి లేచిపోవడంతో చెవికి విరామం లేకుండా పోయింది. ఆ మెటల్ పాట కూడా అలా నిండుగానే ఉంటుంది కదా, మరి అది ఎందుకు పడుతుంది అని కుటుంబం అడిగింది. అది తను ఎంచుకుని, తను మొదలుపెట్టి, ప్రతి మలుపూ కంఠతా వచ్చిన పాట.

పని చేసినవి

ముందుగా పాట మ్యాప్. ఒకే పొడవాటి కాగితం మీద బార్ల వారీగా గళ్లు గీసి, వెర్స్‌కు ఒక రంగు, కోరస్‌కు ఒక రంగు వేసి, ఆ నిశ్శబ్దం ఉన్న రెండు బీట్లకు నల్ల చుక్కలు రెండు పెట్టాం. రంగులు వేసింది పిల్లాడే. కీబోర్డు స్టాండ్ మీద అది ఎప్పుడూ ఉంటుంది. సెకన్లలో రాసిన మ్యాప్ వాయించేవాడికి పనికిరాదు, బార్లలోనే రాయాలి. లైవ్‌లో వేగం మారితే సెకన్లు తప్పుతాయి.

రెండోది ఇంట్లో సాధనకు సర్దిన రికార్డింగు. ఆడాసిటీ ఎన్వలప్ టూల్‌తో వెర్స్‌ను 3 డెసిబెల్స్ పెంచి, కోరస్‌ను 3 తగ్గించాం. 11 ఉన్న ఎగురు 5కు వచ్చింది. నిశ్శబ్దంలో రెండు స్టిక్ క్లిక్‌లు పెట్టాం. దెబ్బ మొదటి 300 మిల్లీసెకన్లను మైనస్ 8 డెసిబెల్స్ నుంచి సున్నాకు మెల్లగా లేపాం. ఈ ఫేడ్‌ను ఒక బీటు కన్నా పొడవు చేస్తే కోరస్ మొదటి బీటు ఎక్కడుందో చెవికి దొరకదు, వాయించేవాడు ఆలస్యంగా అందుకుంటాడు. 116 వేగంలో ఒక బీటు 517 మిల్లీసెకన్లు, అందుకే 300 దగ్గర ఆగాం. పిల్లాడు సరేనన్న కొద్దీ ఫేడ్ కుదిస్తూ, కోరస్‌ను 1 డెసిబెల్ చొప్పున వెనక్కి తెస్తూ వచ్చాం. ఎప్పుడు ముందుకు వెళ్లాలో అతనే చెప్పాడు. అసలు రికార్డింగు దాకా వెళ్లాలన్న నియమం పెట్టుకోలేదు.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది బ్యాండ్ వాయించే తీరు మార్చడం. ముందు ప్రాక్టీసు గదిలో మీటరు పెట్టాం. వెర్స్ 76, కోరస్ 93 డెసిబెల్స్ ఏ (బాస్‌ను తగ్గించి లెక్కేసే కొలత), సి వెయిటింగ్‌లో (బాస్‌ను దాదాపు పూర్తిగా లెక్కేసేది) కోరస్ 103. ఏ, సి అంకెల మధ్య తేడా 10 దాకా వచ్చిందంటే బాస్ బాగా ఉందని గుర్తు. టైల్స్ నేల, కాంక్రీటు గోడలు, చిన్న గది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) కలిసి ఇచ్చిన సురక్షిత శ్రవణ ప్రమాణం హెడ్‌ఫోన్ పరికరాల కోసం పెట్టినది. అందులో పిల్లలకు 75 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. ఆ లెక్కను ఈ గదికి వేసి చూస్తే 93 దగ్గర వారానికి 37 నిమిషాలే వస్తుంది. ఇది ఒక్క ఆటిజం ఉన్న పిల్లాడి సమస్య కాదు, గదిలో ఉన్న ఐదుగురి చెవుల సమస్య అని చెప్పడంతో మిగతా నలుగురూ మార్పులకు వెంటనే ఒప్పుకున్నారు. "ఇతని కోసం సర్దుకోండి" అన్న మాట రాకుండా పని జరిగింది. అది నాకు చాలా ముఖ్యం.

నేల మీద పెట్టిన గిటార్ ఆంప్ వాయించేవాడి పిక్కలకేసి మోగుతుంది. తనకు వినిపించక అతను పెంచుతూ పోతాడు, ఎదురుగా ఉన్నవాళ్ల చెవులు మాత్రం పోతాయి. రెండు ఆంప్‌లనూ కుర్చీల మీదికి ఎత్తి కొంచెం పైకి వంచాం, ఇద్దరూ తమంతట తామే తగ్గించుకున్నారు. ట్రెబుల్, గెయిన్ రెండూ కాస్త దించారు. రెండో గిటార్ పూర్తి కార్డ్‌లు మానేసి ఒక్కో స్వరమే, అదీ కోరస్ రెండో బార్ నుంచి అందుకుంది. దాంతో గరుకు, ఎగురు రెండూ తగ్గాయి. స్నేర్ మీద మడతపెట్టిన నూలు తువ్వాలు వేశాం. క్రాష్ సింబల్ కింది వైపు గాఫర్ టేపు ముక్కలు అంటించాం, మొదటి దెబ్బకు క్రాష్ బదులు మూసిన హైహ్యాట్ కొట్టారు. గోడలకు పాత పరుపులు ఆనించి, నేల మీద తివాచీలు పరిచాం. వెర్స్‌లో కీబోర్డు ప్యాడ్ (వెనక సాగుతూ ఉండే మెత్తని స్వరం) ఒకటి కలిపాం, అది వాయించేది పిల్లాడే. నిశ్శబ్దం బీట్లలో డ్రమ్మర్ హైహ్యాట్ మీద లెక్క వేశాడు. మళ్లీ కొలిస్తే వెర్స్ 77, కోరస్ 84. 17 డెసిబెల్స్ ఎగురు 7కు దిగింది. 84 దగ్గర పైన చెప్పిన లెక్క వారానికి 5 గంటలు అవుతుంది.

కీబోర్డును డ్రమ్స్ నుంచి దూరం జరపడం మాత్రం అనుకున్నంత ఉపయోగపడలేదు. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చిన్న గదిలో గోడల ప్రతిధ్వని వల్ల 2 కూడా తగ్గలేదు. మూలకు జరిపితే బాస్ ఇంకా పెరిగింది, మూలల్లో అది పేరుకుంటుంది. అందుకే గోడకు దూరంగా, సింబల్స్ ఎత్తుకు పక్కకు ఉండేలా కూర్చోబెట్టాం. డ్రమ్స్ ఉన్నప్పుడు అన్ని ఫ్రీక్వెన్సీలనూ సమంగా తగ్గించే 15 డెసిబెల్స్ మ్యుజిషియన్ ఇయర్‌ప్లగ్స్ పెట్టాం, ప్రాక్టీసు అవగానే తీసేయమన్నాం.

పాట అప్పుడు ఎలా ఉన్నాడన్నది ఒక్కటే చూడలేదు. రెండు గంటల తర్వాత అన్నం తిన్నాడా, ఫ్యాన్ ఆపమన్నాడా, ఎప్పటి వేళకే నిద్రపోయాడా అన్నది వాళ్లమ్మ మూడు టిక్కులతో రాసేవారు. పాట మధ్యలో బాగానే కనిపించి, ఇంట్లో కుప్పకూలే పిల్లలు చాలామంది. వాళ్లు ఆ సేపు బిగపట్టుకుని ఉంటారు. టిక్కు ఏదైనా పోతే తర్వాతి ప్రాక్టీసులో ఒక మెట్టు వెనక్కి వెళ్లేవాళ్లం.

వేదిక మీద

మా కాగితంలో లేని ప్రమాదం మైకు కీచు. ఫీడ్‌బ్యాక్ తరచూ 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యే లేస్తుంది, నిట్టనిలువుగా లేస్తుంది, ఏ మ్యాపులోనూ ఉండదు. సౌండ్ సిస్టమ్ మనిషిని ముందే కలిసి, వాడని మైకులన్నీ మ్యూట్‌లో పెట్టమని, కీబోర్డు పక్క మానిటర్ తగ్గించమని చెప్పాం. అయినా వ్యాఖ్యాత మైకు ఒకసారి కీచుమంది. పిల్లాడు చెవులు మూసుకున్నాడు. ఇలా జరిగితే ఏం చేయాలో ముందే అనుకున్నాం కాబట్టి డ్రమ్మర్ ఆగాడు. పిల్లాడు తల ఊపాకే లెక్క మొదలుపెట్టాడు. పాట మొత్తం వాయించాడు. చప్పట్లు, ఈలలు మొదలవకముందే పక్క తలుపులోంచి వెనక గదికి వెళ్లిపోయాడు, అదీ ప్లానులో ఉన్నదే. ఆ రాత్రి మూడు టిక్కులూ పడ్డాయి. కుక్కర్ విజిల్ దగ్గర మాత్రం ఏ మార్పూ లేదు. ఈ పని దాన్ని ఉద్దేశించి చేయలేదు కూడా.

ఇదే పద్ధతి వాడేవాళ్లకు

ఆరు గళ్లలో ఏది బరువైనదో మనిషిని బట్టి మారుతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లకు గట్టిదనం, వినే సమయం ఎక్కువ తగలొచ్చు. కొందరు పిల్లలకు బాస్ అదురు ఒక్కటే సమస్య. వినేవారు గీసిన గీత లేకుండా పాటకు ఇచ్చిన మార్కులు సగం సమాచారమే. శబ్దానికి చెవిలో నొప్పి వచ్చినా, చెవిలో రొద ఉన్నా, సంగీతం వింటే మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నా ఈ పని మొదలుపెట్టకుండా ముందు ఈఎన్‌టీకో న్యూరాలజిస్టుకో పంపండి. ఫలానా ఒకే మనిషి నమిలే చప్పుడు, ఒకే రకం చిన్న శబ్దం కోపం తెప్పిస్తుంటే అది మిసోఫోనియా కావచ్చు. దానికి ఎగురు లెక్కలు ఉపయోగపడవు.

రిపోర్టులో పాట పేరుతో పాటు ఏ రికార్డింగును కొలిచారో కూడా రాయండి. ఒకే పాటకు పాత సీడీ, రీమాస్టర్, లైవ్ మూడూ వేర్వేరుగా కొలతకు వస్తాయి. రీమాస్టర్‌లో వెర్స్ పైకి లేచి ఎగురు తగ్గి ఉండొచ్చు. లైవ్‌లో నిశ్శబ్దం రెండు బీట్లకు బదులు గాయకుడికి నచ్చినంతసేపు ఉండొచ్చు. యాప్‌లో నార్మలైజేషన్ ఆన్‌లో ఉందా, హెడ్‌ఫోన్సా స్పీకరా, కోరస్ దగ్గర మీటరు ఎంత చూపించింది అన్నవి కూడా అదే పేజీలో ఉండాలి. వీటిలో ఏది మారినా ఎగురు గడి, ఊహించగలగడం గడి రెండూ మళ్లీ నింపాలి. హెడ్‌ఫోన్స్, స్పీకర్ లేదా వాల్యూమ్ మారితే గట్టిదనం, బాస్ అదురు గళ్లు కూడా మళ్లీ చూడాలి.